గుడ్డు మాట ఎత్తని తొంభై రెండు రోజులు

నేను ఇరవై ఆరేళ్లు పిల్లలను తూకం వేశాను. అంగన్‌వాడీ సూపర్‌వైజర్ అంటే రిజిస్టర్లు తిరగేసి సంతకాలు పెట్టే మనిషి అని చాలామంది అనుకుంటారు. ఆ పనీ చేశాను, కానీ దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు. అసలు పని కాటా దగ్గర ఉంటుంది. ముల్లు ఎక్కడ ఆగిందో చూడాలి, అక్కడే ఎందుకు ఆగిందో కనుక్కోవాలి. మొదటిది నాకు వారంలో వచ్చింది. రెండోది రావడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరో ఏడు 1988. అప్పుడు సిద్దిపేటలో నేర్చుకున్నది ఇప్పుడు ఈ ఉద్యోగంలోకి వస్తున్న అమ్మాయిల కోసం రాస్తున్నాను.

నా సంగతి ముందే చెప్పాలి. నేను మాంసం తినేదాన్ని. గుడ్డు లేకుండా బక్కపిల్ల కోలుకోదని గట్టిగా నమ్మినదాన్ని.

తూకం ఎట్లా వేయాలి

మా కాటా దూలానికి వేలాడదీసేది. కింద గుడ్డ ఊయల కట్టి అందులో పిల్లను కూర్చోబెడతారు. ఆ గుడ్డ బరువు నూట యాభై గ్రాములు. ముల్లు చూపినదాంట్లోంచి దాన్ని తీసేయాలి. కాళ్ల కడియాలు, మొలతాడు కూడా విప్పించాలి. పిల్ల ఏడుస్తూ కాళ్లు కొట్టుకుంటే ముల్లు ఊగుతుంది. అది ఆగేదాకా నిలబడాలి. ఊగే ముల్లును చూసి మధ్యలో ఒక అంకె వేసుకునేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లు పిల్లను తూచలేదు, తమ తొందరను తూచారు.

మల్లేశం ఇల్లు

మల్లేశం చేనేత పనివాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. నాలుగేళ్లు భీవండిలో మరమగ్గాల మీద పనిచేసి, దగ్గుతో, జ్వరంతో, తాగుడుతో సగమై తిరిగొచ్చాడు. రాకముందు అక్కడి తోటి పనివాళ్లు పండరిపురం తీసుకుపోయి మెడలో తులసిమాల వేయించారు. మాల వేసుకున్నవాళ్లు మాంసం, చేప, గుడ్డు ముట్టరు. మందు తాగరు. మల్లేశం తానొక్కడే మానడంతో ఆగలేదు, ఇల్లంతా మాన్పించాడు. తల్లి అంజవ్వ, భార్య సుగుణ, బిడ్డ రుక్మిణి, చివరికి మోతి అనే కుక్క, మగ్గం గదిలో ఉండే పిల్లి, ఎవరినీ వదల్లేదు.

ఏప్రిల్‌లో రుక్మిణికి ఇరవై రెండు నెలలు. బరువు ఏడున్నర కిలోలు. ఆ వయసుకు పది కిలోలు దాటాలి. కూర్చోబెడితే కూర్చునేది, దింపితే నిలబడేది, ఏ ఆటకూ పోయేది కాదు.

నా తప్పు

నేను వాళ్లింటికి పోయింది సాయంత్రం పూట. మంచి సమయమేనా అని ఆలోచించలేదు. వాకిట్లో భజన మొదలవుతోంది. తాళాలు పట్టుకుని పదిమంది మగవాళ్లు కూర్చున్నారు. నేను వాళ్ల ముందే అడిగాను.

"పిల్లకు గుడ్డు పెడుతున్రా?"

"మాల ఏసుకున్న ఇల్లు మేడం. గుడ్డు ముట్టం," అన్నాడు మల్లేశం.

"పప్పు పెడుతున్రా?"

"రోజూ పెడుతున్నం."

నా కాగితంలో పప్పు ఎదురుగా టిక్కు పెట్టాను. పెట్టి, అనకూడని మాట అన్నాను. "మాల ఏసుకున్నది నువ్వు, బక్కపడ్డది పిల్ల. పుణ్యం నీకు, పస్తు దానికా?"

తాళాల చప్పుడు ఆగిపోయింది. మల్లేశం లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "మేడం, మీరు పొండి," అన్నాడు.

ఆ తర్వాత రెండు నెలలు రుక్మిణిని కేంద్రానికి పంపలేదు. నేను పోతే తలుపు తీయలేదు.

జూన్ 20న మల్లేశం చేనేత సంఘానికి బట్ట ఇవ్వడానికి పోయినప్పుడు సుగుణ చెప్పకుండా పిల్లను ఎత్తుకొచ్చింది. ముల్లు ఆగాక గుడ్డ బరువు తీసేశాను. ఏడు కిలోల రెండు వందలు. ఏప్రిల్ నుంచి మూడు వందల గ్రాములు తగ్గింది. ఆ మూడు వందల గ్రాములు నా నోటిదురుసు లెక్కలోవి. ఈ రోజుకూ అట్లాగే రాసుకుంటాను.

వానలు మొదలవుతున్నాయి. ఆ బరువున్న పిల్లకు తట్టు పోసినా, విరేచనాలు పట్టినా చేతికి దక్కడం కష్టమని సుగుణకు చెప్పాను. చాటుగానైనా గుడ్డు పెట్టమన్నాను.

సుగుణ తల అడ్డంగా ఊపింది. "మీకు తెల్వది మేడం. ఆ మాల పడ్డంకనే మా ఇంట్ల సారా సీస బందయింది. ఇంట్ల గుడ్డు పెంకు కనబడ్డదనుకో, మాల తీస్తడు. మాల తీసిన్నాడు మళ్ల సీస పడుతడు. పిల్లను గాపాడుకుంటే మొగడు పోతడు, మొగని గాపాడుకుంటే పిల్ల పోతది. నన్నేం జెయ్యమంటరు?"

ఈ వద్దు మీకు దేన్ని కాపాడుతోందని ఆరేళ్లలో నేను ఏ ఇంట్లోనూ అడగలేదు. ఇంట్లో వాళ్లు ఒకటి వద్దంటున్నారంటే, ఆ వద్దు వాళ్లకు ఇంకేదో నిలబెడుతూ ఉండవచ్చు. అది ఏమిటో తెలియకుండా దాన్ని లాగేయమని చెప్పడం మన పని కాదు.

మా ఆఫీసరుకు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు. "గుడ్డు పెట్టమని చెప్పినవ్ గదమ్మా. వినలే. కుటుంబం నిరాకరించిందని రాసి సంతకం పెట్టు. నీ మీదికి రాదు," అన్నాడు. అది నిజమే, రాదు. నేను రాయలేదు. పిల్ల పోతే నా మీదికి రాకుండా ఎట్లా ఉంటుందో నాకు అర్థం కాలేదు.

కుక్క చిప్ప

మర్నాడు పొద్దున పదింటికి వాళ్లింటికి పోయాను. తలుపు తీసింది అంజవ్వ. వెనక మల్లేశం మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు.

"తమ్మీ, ఆ దినం నేనన్న మాట తప్పు. నలుగుర్ల అన్నది ఇంకా తప్పు," అన్నాను. "ఇయ్యాల గుడ్డు మాట చెప్పనీకి రాలే."

అతను కొంచెంసేపు మగ్గం ఆపలేదు. తర్వాత ఆపి నవ్వాడు. మంచి నవ్వు కాదు. "కూరగాయలు తింటే బలం రాదని గదా మీ లెక్క. మా మోతిని సూడుండ్రి. అది సుత బొక్క మానేసి ఏడాదయితుంది."

చూశాను. గుమ్మంలో పడుకుని ఉంది. బొచ్చు నిగనిగలాడుతోంది, నడుము నిండుగా ఉంది. ఆ వాడలో అంత సాఫుగా ఉన్న కుక్క ఇంకొకటి లేదు. అతను నన్ను పొడవడానికి అన్నాడు. నేను దాన్ని ప్రశ్నగానే తీసుకున్నాను. అదే ఇంట్లో, అదే పొయ్యి మీది తిండితో కుక్క నిండుగా ఉండి పిల్ల ఎండిపోతే ఎక్కడో లెక్క తప్పింది.

"ఇది ఏం తింటది?" అని అడిగాను.

"మేం తిన్నదే," అన్నది అంజవ్వ.

"ఎప్పుడు తింటది?"

"మేం తిన్నంక."

"అయితే మీరు తినేదాక కూసుంట అవ్వా."

"కూసో. కుక్క తినేది సూడనీకి సర్కారు జీతమిస్తదా?"

"ఇస్తది."

గంటన్నర కూర్చున్నాను. అంజవ్వ పప్పు ఉడికిన గంజును పొయ్యి మీంచి దించింది. గరిటె పెట్టి కలపలేదు. పైన తేరిన పచ్చటి నీళ్లు, కట్టు అంటారే, అది నెమ్మదిగా వంచి రుక్మిణి అన్నంలో పోసింది. చిన్న కడుపు, గట్టి పప్పు అరగదు, పొట్ట ఉబ్బుతుందని ఆమె నమ్మకం. తర్వాత కొడుకుకు, కోడలికి, తనకు వడ్డించింది. అడుగున మిగిలిన చిక్కటి పప్పంతా జొన్న గటకలో, అంటే జొన్నరవ్వ సంకటిలో, పిసికి, ముద్ద చేసి, మట్టి చిప్పలో మోతికి పెట్టింది.

"అవ్వా, గట్టిది కుక్కకు ఎందుకు?"

"నీళ్ల బువ్వ అది ముట్టదు బిడ్డా. కడుపు నిండకుంటే పక్కింటికి పోయి బొక్కలు నాకుతది. ఇంటి నేమం చెడుతది."

ఆ ఇంట్లో ఎవరూ పిల్లకు అన్యాయం చేయాలనుకోలేదు. మాల నియమం తప్పకుండా ఉండాలని కుక్కను కాచారు, అరుగుదల చెడకుండా ఉండాలని పిల్లను కాచారు. నేను రెండు నెలల కింద పప్పు ఎదురుగా పెట్టిన టిక్కు కూడా అబద్ధం కాదు. పప్పు రోజూ వండుతున్నారు. అది ఎవరి నోట్లోకి పోతోందో నేను చూడలేదు, అంతే.

పాల సంగతీ అప్పుడే చూశాను. పూటకు పావు లీటరు వస్తాయి. ముందు దేవుడికి, తర్వాత భజనకు వచ్చేవాళ్ల చాయకు. రుక్మిణికి ఏమీ లేదు.

రెండు గిలాసలు

నేను రెండు చాయ గిలాసలు అడిగాను. గాజువి. మరునాటి పప్పు ఉడికాక ఒకదాంట్లో పై కట్టు, ఒకదాంట్లో కలిపిన పప్పు పోసి కిటికీలో పెట్టాను. అరగంటకు కట్టు గిలాసలో అడుగున సన్నటి పచ్చ గీత తేరింది. రెండో గిలాసలో ముప్పావు భాగం పప్పే.

"అవ్వా, దీంట్ల బలమెంత, నీళ్లెంత?"

అంజవ్వ గిలాసను ఎత్తి వెలుగులో చూసింది. "నీళ్లే," అన్నది. మళ్లీ, "గని పొట్ట ఉబ్బితే ఎవలిది పూచీ?" అన్నది.

"మొదటి మూడు దినాలు చెంచెడు. తర్వాత రెండు. ఉబ్బితే నాకు చెప్పు, ఆపుదం."

పాలు దేవుడికంటే ముందు పిల్లకు ఇవ్వడానికి ఆమె ఒప్పుకోలేదు. సుగుణ తలుపు పక్కనుంచి అన్నది. "అత్తమ్మా, పాలు దేవునికే పెడుదం. పెట్టినంక ప్రసాదం మొదలు పిల్లకే ఇద్దం. చాయకు మిగిలితే మిగిలె."

అంజవ్వ పోయి పిల్ల గిన్నె తెచ్చి దేవుడి ముందు పాల పక్కన పెట్టింది.

రోజుకు ఐదుసార్లు. ప్రతిసారీ కొంచెం. కలిపిన గట్టి పప్పు, మెత్తటి అన్నం, చెంచా పల్లీ నూనె. ఒకపూట మెదిపిన తోటకూరలో నిమ్మరసం. మధ్యలో పల్లీలు వేయించి దంచి బెల్లంతో. సాయంత్రం పాలు. ఇందులో ఒక్కటీ బయట వెతికి తేవాల్సింది లేదు.

మల్లేశం ఇదంతా విని, "దీంతోని పెరిగితే మా ఇంట్ల గుడ్డు మాట ఎత్తవు గదా మేడం?" అన్నాడు.

"ఎత్తను. పెరగకపోతే?"

మాల మీద చెయ్యి వేశాడు. "పెరగకపోతే మాల తీసి దేవుని ముందర పెట్టి, నేనే పోయి గుడ్డు తెస్త. గని పెరుగుడంటే ఎంత? మీరు లెక్క మనిషి, లెక్క చెప్పుండ్రి."

"మూడు నెలల్ల కిలో. ఏడు కిలోల రెండు వందల నుంచి ఎనిమిది కిలోల రెండు వందలకు. సెప్టెంబర్ 20."

సుగుణ ముఖం చూశాను. ఆమె ఏం లెక్కపెడుతోందో నాకు తెలుసు. ఆ కిలో రాకపోతే పోయేది మాల ఒక్కటే కాదు.

కుక్క, పిల్లి

గట్టి పప్పు పిల్లకు మళ్లితే మోతికి ఏమిటని మల్లేశం అడిగాడు. నాకు తెలియదు. తెలియనిది చెప్పకూడదు కాబట్టి పశువుల దవాఖానకు పోయి డాక్టరును అడిగాను. ఆయన చెప్పింది ఇది. ఎదిగిన కుక్క గటకతో, పప్పుతో, పెరుగుతో నెట్టుకురాగలదు, కానీ కడుపు నిండేట్టు పెట్టాలి, బొచ్చు రాలుతోందా, బక్కపడుతోందా అని చూస్తుండాలి. కూనలకు, పాలిచ్చే కుక్కలకు అది చాలదు. పిల్లికి మాత్రం కుదరనే కుదరదు. దాని ఒళ్లు మాంసంతోనే నడుస్తుంది, పెరుగన్నం పెట్టి కట్టేస్తే కళ్లు పోతాయి, గుండె పోతుంది.

ఆ ఇంటి పిల్లి ఎలుకలను పట్టకుండా దాన్ని మగ్గం గదిలో తాడుతో కట్టేశారు. గంజి పెట్టిన పడుగు నూలు కోసం ఎలుకలు వస్తాయి. పిల్లి కట్టేసి ఉంది కాబట్టి అవి నిర్భయంగా నూలు కొరుకుతున్నాయి. డాక్టరు మాట చెప్పాను. వారం తర్వాత పోతే తాడు ఉంది, పిల్లి లేదు.

"ముడి నేనే ఇప్పిన," అన్నది అంజవ్వ, కొడుకు వినేట్టే. "అది ఏడికి పోయి ఏం తింటదో నేను సూడలే. సూడనిది నాకు పాపం గాదు."

మల్లేశం నూలు సరిచేసుకుంటూ తల ఎత్తలేదు.

మోతికి పప్పు కొంచెం ఎక్కువ వండటం మొదలుపెట్టారు. మజ్జిగ, గటక కలిపారు. అది పక్కింటికి ఒకటి రెండుసార్లు పోయింది. ఇంటి మీద ఆకాశమేమీ విరిగిపడలేదు.

వానాకాలం

జూలై 20న ఏడు కిలోల ఆరు వందలు. అంజవ్వ ఆ అంకెను వాడంతా చెప్పుకుంది.

ఆగస్టు మొదట్లో పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. అంజవ్వ వెంటనే పప్పు ఆపి మళ్లీ కట్టు పోయడం మొదలుపెట్టింది. నేను పోయేసరికి పిల్ల కళ్లు లోపలికి పోయి ఉన్నాయి.

"నీ గట్టి పప్పే పడలే. నేను ముందే చెప్పిన," అన్నది.

"అవ్వా, మీ వాడల పన్నెండు మందికి ఇదే ఉన్నది. ఇంటింటికి తిరిగి లెక్కపెట్టొచ్చిన. అందరు మీ ఇంటి పప్పు తిన్నరా?"

ఆమె లేచి పొయ్యి రాజేసింది. నీళ్లు కాచి చల్లార్చి, ఉప్పూ చక్కెరా కలిపి చెంచాతో పట్టించాం. సుగుణ రెండు రోజులు పిల్లను ఒళ్లోంచి దించలేదు. మళ్లీ ఐదుపూటలా తినడం మొదలుపెట్టేసరికి పదకొండు రోజులయ్యాయి. ఆ రోజులు నా పుస్తకంలో ఒక్కొక్కటిగా రాసి ఉన్నాయి. ఆగస్టు 20న ఏడు కిలోల ఐదు వందల యాభై. నెలలో యాభై గ్రాములు వెనక్కి.

తొంభై రెండో రోజు

సెప్టెంబర్ 20న కాటాను వాళ్లింటి దూలానికే వేలాడదీశాను. మల్లేశం పిల్లను ఊయలలో కూర్చోబెట్టి పక్కకు జరిగాడు. రుక్మిణి ఏడవలేదు. గుడ్డ అంచులోంచి చెయ్యి బయటపెట్టి కాటాను పట్టుకోవాలని చూస్తోంది. ముల్లు ఆగేదాకా చూశాను.

అంజవ్వ నా భుజం మీదుగా వంగి చూసింది. ఈ మూడు నెలల్లో ఆమె గీతలు చదవడం నేర్చుకుంది. "ఎనిమిదింబావు. గెలిచినం బిడ్డా," అన్నది.

"గుడ్డ బరువు తీసెయ్యాలె అవ్వా," అన్నాను.

ఎనిమిది కిలోల వంద. వంద గ్రాములు తక్కువ.

వంద గ్రాములు అంటే ఎంత? పిల్ల అప్పుడే గ్లాసు పాలు తాగి ఉంటే ముల్లు అంత దాటిపోయేది. గుడ్డ బరువు తీసేయకుండా ఉంటే ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆ ఆలోచన నాకు రాలేదని చెప్పను. కానీ ఒకసారి ముల్లును నాకు కావలసిన చోటికి జరిపితే ఇరవై ఆరేళ్లలో ఇంకే అంకెనూ నేను నమ్మలేను. పైకి చెప్పేశాను.

మల్లేశం రెండు చేతులూ మెడ దగ్గరికి తీసుకుపోయాడు. సుగుణ గోడకు ఆనుకుని కిందికి చూస్తోంది.

"ఆగు తమ్మీ. లెక్క అయిపోలే," అన్నాను.

పుస్తకం తెరిచి చూపించాను. మూడు నెలలంటే తొంభై రెండు రోజులు. మనం ఒప్పుకున్నది ఈ తిండి తింటే మూడు నెలల్లో కిలో అని. పదకొండు రోజులు పిల్ల ఈ తిండి తినలేదు. తిన్నది ఎనభై ఒక్క రోజులు. ఎనభై ఒక్క రోజుల్లో తొమ్మిది వందల గ్రాములంటే, రోజుకు పదకొండు గ్రాముల చొప్పున. ఒప్పుకున్న కిలోను తొంభై రెండుకు పంచితే రోజుకు పదకొండు కూడా పడదు.

"అంటే గెలిచినట్టేనా?" అన్నది సుగుణ.

"గెలిచినట్టు గాదు. ఇంకా పదకొండు రోజులు బాకీ ఉన్నయి. అక్టోబర్ ఒకటిన మళ్ల తూకం."

"మీరు నామీద దయ చూపుతున్నరు మేడం," అన్నాడు మల్లేశం.

"దయైతే ఎనిమిదింబావే రాసుకుంటుంటి."

అతను చేతులు దించాడు.

ఆ పదకొండు రోజులు నేను రోజూ పోయాను. మాట్లాడటానికి ఏమీ లేదు, అన్నం పెట్టేటప్పుడు పక్కన కూర్చునేదాన్ని. అంజవ్వ గంజులో గరిటెను అడుగుదాకా తిప్పి, పిల్లకే మొదట పెట్టేది. ఏడో రోజు రుక్మిణి తన పళ్లెం వదిలి మోతి చిప్ప దగ్గరికి పోయింది. అంజవ్వ రెక్క పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది. పిల్ల తిండి వెతుక్కుంటూ నడవడం నేను చూడటం అదే మొదటిసారి.

అక్టోబర్ ఒకటిన ముల్లు ఎనిమిది కిలోల నాలుగు వందల దగ్గర ఆగింది. గుడ్డ బరువు ఈసారి మల్లేశమే తీసేశాడు. వేళ్ల మీద లెక్కపెట్టి, "ఎనిమిది కిలోల రెండు వందల యాభై," అన్నాడు. మగ్గం గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. ఎంతసేపైనా మగ్గం చప్పుడు వినిపించలేదు.

చివరగా

పిల్లలను మాంసం లేకుండా పెంచవచ్చా అని ఇప్పటికీ నన్ను అడుగుతారు. పెంచవచ్చు. కానీ పళ్లెంలోంచి ఒకటి తీసినవాళ్లు దాని జాగాలో ఏం పెట్టారో చూపించాలి. పిల్ల ఆ నియమం కోరుకోలేదు, కుక్కా కోరుకోలేదు. కోరుకున్నవాళ్లదే పూచీ. శాకాహారం కాబట్టి ఒంటికి మంచిదే అనుకునేవాళ్లు, మాంసం లేదు కాబట్టి బలం లేదనుకునేవాళ్లు, ఇద్దరూ వంటింట్లోకి పోయి చూడనివాళ్లే. అప్పట్లో నేను రెండో రకం.

మాట ప్రకారం ఆ ఇంట్లో మళ్లీ గుడ్డు మాట ఎత్తలేదు. 1990లో వాళ్లకు రెండో బిడ్డ పుట్టింది. ఆరో నెలలో మొదటి ముద్ద ఎట్లా పెట్టాలో చెబుదామని పోయాను. అంజవ్వ అప్పటికే పప్పు, అన్నం కలిపి మెత్తగా మెదిపి, నూనె చుక్క వేసి, నలుగురు బాలింతలను చుట్టూ కూర్చోబెట్టుకుని చూపిస్తోంది.

నన్ను చూసి, "నువ్వు పో బిడ్డా, వేరే ఇండ్లు సూసుకో," అన్నది.

పోయాను.